నరసప్పదాసు ఇంటి తలుపు

నరసప్పదాసుకు పెళ్లయిందో లేదో నాకు తెలియదు. అయినా ఆయన భార్య జొన్నరొట్టె ఎంత పలచగా తట్టేదో, కోపం వస్తే ఏ చెయ్యి నడుం మీద పెట్టుకునేదో ముప్పై ఏళ్ల పైచిలుకు జనానికి చెప్పాను. జనం నమ్మారు. కొన్నాళ్లకు నేనూ నమ్మాను. మోకాళ్లు మొరాయించి, గజ్జెలు విప్పి పెట్టెలో పెట్టేశాక తీరిగ్గా కూర్చుని ఆలోచిస్తే, అందులో ఏది ఎవరు చెప్పారో, ఏది నేను కట్టానో విడదీయడం నా వల్ల కావడం లేదు.

నేను హరికథలు చెప్పి బతికినదాన్ని. పేరు రంగమ్మ, ఊరు ఆదోని. ఈ మధ్య ఈ పనిలోకి వద్దామనుకుంటున్న ఆడపిల్లలు ఇద్దరు వచ్చి, అనుభవం మీద నాలుగు మాటలు రాసిమ్మన్నారు. రాగం, అడుగు, చిడతల దెబ్బ గురువు ముందు నిలబడి నేర్చుకోవాలి. కాగితం మీద రావు. సన్మానాల సంగతి రాయను. శాలువాలన్నీ ఒకే మాదిరి ఉంటాయి, వేసవిలో కప్పుతారు, అంతకంటే రాయడానికి ఏమీ లేదు.

నేను రాయగలిగింది ఒక్కటే. నేను చెప్పిన ఒక కథ ఎమ్మిగనూరులో ఒక ఆడమనిషి ఇంట్లోకి పోయి కూర్చుంది. ఆమె తన ఇంటి తలుపు ముయ్యాలా, తెరిచే ఉంచాలా అన్నది చివరికి నా నోటిమాట మీదికి వచ్చింది. నేను చేసింది ఒప్పో తప్పో నాకింకా తేలలేదు. చదివి మీరే తేల్చుకోండి.

దాసుగారి గురించి తెలిసింది

కచేరీలు వినేవాళ్లకు నరసప్పదాసు పేరు కొత్తగా చెప్పక్కర్లేదు. మద్రాసులో పాడేవాళ్లూ బెంగళూరులో పాడేవాళ్లూ ఆయన కీర్తన ఒకటైనా పాడందే దిగరు. కీర్తనలు మిగిలాయి. మనిషి గురించి మాత్రం గుప్పెడు మాటలు కూడా మిగల్లేదు. మా పడమటి సీమలో, తుంగభద్రకు ఇవతల ఎక్కడో పుట్టాడు, తంబూరా పట్టుకుని ఊరూరా తిరిగాడు, పోయాడు. అంతే.

రెండు గంటల హరికథకు ఇది ఎక్కడ సరిపోతుంది? జనానికి రాగం కావాలి, రాగంతో పాటు కాపురం కావాలి. ఆయన ఏం తిన్నాడు, ఎవరితో పోట్లాడాడు, ఎందుకు ఏడ్చాడు అన్నవి కావాలి.

నాకు పని నేర్పిన శేషప్ప భాగవతారు ఆదోని కోటకొండ కింద చిన్న ఇంట్లో ఉండేవారు. నోరు మంచిది కాదు గానీ మనసు మంచిది. ఆయన నాకు మొదటి రోజే చెప్పారు.

"రంగా, దేవుని కథలో చెయ్యి పెట్టబాక. యాడో ఒక పండితుడు లేచి నిలబడి అడుగుతాడు. మనిషి కథలో పెట్టు. సచ్చిపోయినోడు వచ్చి అడుగుతాడా?"

ఈ మాట విని నేను ధైర్యం తెచ్చుకున్నాను. చచ్చిపోయినవాళ్లు రారు, నిజమే. బతికున్నవాళ్లు వచ్చి అడుగుతారని ఆయన చెప్పలేదు, నాకూ తోచలేదు.

ఊరిని కథలో కలపడం

మా పనిలో ఒక పద్ధతి ఉంది. కథ చెప్పబోయే ఊరికి మధ్యాహ్నానికే చేరుకోవాలి. ఏ గుడి, ఏ వాగు, ఏ పంట, పెద్ద ఇంటివాళ్లు ఎవరు అని కాఫీ తాగుతూ ఆరా తీయాలి. సాయంత్రం కథలో ఆ ఊరిని ఎక్కడో ఒకచోట కలపాలి. కలిపితే జనం ముందుకు జరిగి కూర్చుంటారు. కలపకపోతే ఫోన్లు చూసుకుంటారు. ఫోన్లు రాకముందు బీడీలు చూసుకునేవాళ్లు.

ఆ లెక్కన నేను హొళగుందలో నరసప్పదాసు తల్లిది హొళగుంద అన్నాను. ఆమె చేత రెండు మాటలు కన్నడం కూడా మాట్లాడించాను. సి.బెళగల్‌లో చెప్పినప్పుడు తల్లిది సి.బెళగల్ అయింది. ఆలూరులో చెప్పినప్పుడు ఆలూరు. ఒక పత్తి వ్యాపారికి నా పాట ఇష్టం, పాపం, మూడు ఊళ్లకూ వచ్చి ముందు వరసలో కూర్చున్నాడు. ఆలూరులో లేచి నిలబడ్డాడు.

"ఏమమ్మా, హొళగుందలో ఆయప్ప తల్లి హొళగుందామె అంటివి. సి.బెళగల్లో సి.బెళగల్ అంటివి. ఈడికొచ్చి ఆలూరు అంటాండావు. ఆయప్పకు ఎంతమంది తల్లులమ్మా?"

"దాసుకు ఊరూరా తల్లే అన్నా. బువ్వ పెట్టినోళ్లంతా తల్లులే" అన్నాను చిడతలు కొట్టి. జనం గోల గోలగా నవ్వి చప్పట్లు కొట్టారు. వ్యాపారి కూడా నవ్వి కూర్చున్నాడు.

నవ్వించి తప్పించుకోవడం మా వృత్తిలో పెద్ద జబ్బు. ఆ రోజు ఆ మనిషికి ఒక నిజమైన సందేహం వచ్చింది, నేను దాన్ని చప్పట్ల కింద తొక్కేశాను. అప్పట్లో దాన్ని తెలివి అనుకున్నాను.

తీగ తెగిన సాయంత్రం

ఆదెమ్మ ఎలా పుట్టిందో చెబుతాను. ఆదెమ్మ అంటే నరసప్పదాసు భార్య. అంటే, నేను చెప్పిన భార్య.

ఎమ్మిగనూరులో మగ్గాల వీధిలో రుక్మిణీ కల్యాణం చెబుతున్నాను. ఇంకా దీపాలు పెట్టే వేళ కాలేదు. కథ సగంలో వయొలిన్ ఆయన తీగ తెగింది. కొత్త తీగ వేసి శ్రుతి చేసుకునేదాకా జనాన్ని కదలకుండా పట్టుకోవాలి. ఇలాంటప్పుడు పిట్టకథ చెబుతాం. అసలు కథ నడుమ చిన్న కథ. నా మృదంగం ఖాసింసాబ్ నా వైపు చూసి నెమ్మదిగా ఆదితాళం పట్టాడు, ఏదో ఒకటి మొదలుపెట్టు అన్నట్టు. నోరు తెరిచాను. ముఖారి రాగంలో నరసప్పదాసు కీర్తన ఒకటి ఉంది, 'వాకిలి తెరచియున్నది, వేళ మించినా రారా' అని. జీవుడు దేవుడి కోసం కాచుకోవడం అని పండితులు అర్థం చెబుతారు. ఆ రోజు నా నోటి వెంట వేరే అర్థం వచ్చింది.

మధ్యాహ్నం మూడు దాటింది. నరసప్పదాసు పన్నెండు మంది భజన వాళ్లను వెంటేసుకుని ఇంటికొచ్చాడు. ఇంట్లో ఆదెమ్మ ఉంది. చాటలో రెండు దోసిళ్ల జొన్నపిండి ఉంది. ఇది ఆ నెలలో ఎన్నోసారో ఆమె లెక్కపెట్టడం మానేసింది. లేచి వాకిలి మూసి గడియ పెట్టింది. మా వైపు తలుపునే వాకిలి అంటారు. "దేవునికి పాడతావు గదా, బువ్వ కూడా ఆయప్పనే అడుగుపో" అంది లోపల్నించి. దాసు గుమ్మం మీద కూర్చుని ఒక కీర్తన పాడాడు. గడియ తీయలేదు. లేచి వెళ్లిపోయాడు. కోపం చల్లారి ఆమె తలుపు తీసి చూస్తే ఆయన ఉత్తరీయం ఒక్కటే గుమ్మం మీద ఉంది. ఆ మనిషి మళ్లీ రాలేదు. ఆదెమ్మ బతికున్నన్నాళ్లు ఆ తలుపు మూయలేదు. ఆ సంగతి ఏ బాటసారో చెప్పగా దాసు ఎక్కడో విని, ఆమె గొంతుతో ఆ ముఖారి కట్టాడు.

తీగ బిగించడం ఎప్పుడో అయిపోయింది. వయొలిన్ ఆయన కమాను పట్టుకుని నోరు తెరిచి వింటున్నాడు. వీధిలో ఆడవాళ్లు ఒక్కరూ కదల్లేదు. తర్వాత రుక్మిణి పెళ్లి చేసి, మంగళం పాడి, హారతి ఇచ్చి దిగాను.

మీరు అడుగుతారు, అది అప్పటికప్పుడు నువ్వు కట్టిందేనా అని. అక్కడే నాకు తికమక. శేషప్ప భాగవతారు ఒకసారి రొట్టె తింటూ 'ఆదెమ్మ' అన్న పేరు ఎత్తినట్టు లీలగా గుర్తు. అది దాసు భార్య పేరో, ఆయన మేనత్త పేరో గుర్తు లేదు. ఖాసింసాబ్‌ను అడిగితే ఒకరోజు, "గురువుగారు సెప్తాంటే నా చెవులతో ఇన్నానక్కా, కసమ్" అన్నాడు. ఇంకోరోజు అడిగితే, "అరే అక్కా, అంతా నీ బుర్రలోదే గదా, గురువుగారికి అంత కల్పన యాడుండాది" అన్నాడు. రెండుసార్లూ గట్టిగానే అన్నాడు.

మంగళం పాడాలంటే

ఆ తర్వాత ఎక్కడికి పోయినా తలుపు కథ చెప్పమనేవాళ్లు. కృష్ణుడు, రాముడు వెనక్కి పోయారు. ఆదోనిలో పత్తి మార్కెట్ వర్తకులు పిలిచి, పిట్టకథగా వద్దు, నరసప్పదాసు చరిత్రే పూర్తిగా చెప్పమన్నారు. అలా చెబితే తలుపు ఘట్టం కథ చివరికి వస్తుంది.

ఇక్కడ ఈ పనిలోని అసలు కట్టుబాటు చెప్పాలి. హరికథ అశుభం మీద ముగించకూడదు. మంగళం పాడి హారతి ఇవ్వాలంటే పెళ్లైనా కావాలి, పట్టాభిషేకమైనా కావాలి, విడిపోయినవాళ్లు కలుసుకోవడమైనా కావాలి. శేషప్ప భాగవతారు ఎన్ని తప్పులైనా ఓర్చుకునేవారు గానీ ఇది తప్పితే ఓర్చుకునేవారు కాదు. ఒకసారి నేను ఒక భక్తుడి మరణంతో కథ ఆపి మంగళం ఎత్తుకుంటే, హారతి పళ్లెం నా చేతిలోంచి లాక్కున్నారు. "ఏడ్చే జనానికి హారతి ఎట్ల ఇస్తావే? వాళ్లు ఇంటికి ఏం మోసుకపోవాల?" అని అందరి ముందూ అరిచారు.

అందుకని ఆదోనిలో దాసును తిరిగి రప్పించాను. మూడో రోజున వచ్చాడు. బుద్ధి తెచ్చుకుని, ఒంటరిగా, భుజాన జొన్నల మూటతో వచ్చాడు. ఆదెమ్మ తలుపు తీసింది, కాళ్లు కడిగింది. జనం గోవిందా అన్నారు. మంగళం బ్రహ్మాండంగా పండింది.

అప్పటినుంచి అదే పద్ధతి. కథ నడుమ చెబితే దాసు రాడు, ఎందుకంటే తర్వాత ఎలాగూ ఒక పెళ్లి ఉంది, ఆ ఏడుపును అది కడిగేస్తుంది. చివర చెబితే వస్తాడు. అదే నోరు, అదే దాసు, అదే తలుపు. ఇందులో తప్పుందని నాకు ఎన్నడూ అనిపించలేదు. వంటలో ఉప్పు ఎప్పుడు వేయాలో అలాంటిదే అనుకున్నాను.

అచ్చులోకి వచ్చిన రొట్టె

కొన్నేళ్లకు ఒక ప్రొఫెసరు గారు వచ్చి నా చేత కథ చెప్పించుకుని రికార్డు చేసుకుపోయారు. మంచి మనిషి, వినయంగా కూర్చున్నారు. ఆ తర్వాత ఆయన పుస్తకం వేశారని తెలిసింది. నాకు ఎంతో సంతోషం వేసింది. ఇన్నాళ్లకు నరసప్పదాసు సంగతి చదువుకున్నవాళ్లు తేల్చారు, ఆయనకు నిజంగా భార్య ఉందో లేదో చూద్దామని తెప్పించుకుని చదివాను. అందులో 'స్థానికంగా తరతరాలుగా వినిపించే ఐతిహ్యం ప్రకారం' అని మొదలుపెట్టి, దాసు భార్య ఆదెమ్మ అనీ, జొన్నరొట్టె చాలా పలచగా తట్టేదనీ రాసి ఉంది. పుస్తకం మూసి పెట్టెలో అడుగున పెట్టాను.

ఇంకా ఉంది. సి.బెళగల్ దగ్గర ఒక పల్లెకు కథకు పోతే, ఆదెమ్మ తలుపు చూపిస్తామని తీసుకుపోయారు. నిజంగానే పాత తలుపు. నీలం రంగు వేసి, పసుపు రాసి, కుంకుమ పెట్టారు. "ఇదేనమ్మా ఆ వాకిలి. మా అవ్వ కాలం నుంచి ఉండాది" అంది ఆ ఇంటామె. ఇది నేను కట్టిన కథ తల్లీ అని చెప్పడానికి నోరు రాలేదు. రాకపోగా, ఆ తలుపును ముట్టుకుని కళ్లకద్దుకున్నాను. ఎందుకు అద్దుకున్నావని అడగొద్దు. చుట్టూ అందరూ అద్దుకుంటున్నారు, నా చెయ్యి కూడా లేచింది.

ఇంటికి వచ్చాక ఒక పిచ్చి ఆలోచన పట్టుకుంది. ఒకవేళ అది నిజంగానే ఆదెమ్మ తలుపేమో. ఒకవేళ నేను కట్టింది ఏమీ లేదేమో, ఎక్కడో విన్నదే నా నోట వచ్చిందేమో. అలా అనుకుంటే మనసు తేలికపడింది. అందుకే ఆ ఆలోచనను నేను ఎక్కువగా నమ్మను.

గంగమ్మ వచ్చిన రోజు

నేను కథలు మానేసి రెండేళ్లయింది. ఒక రోజు పొద్దున బొరుగులు నానబెట్టి ఉగ్గాని చేసుకుని తింటున్నాను. చేతిసంచి పట్టుకుని ఒక ఆడమనిషి గుమ్మంలో నిలబడింది. యాభై లోపే ఉంటుంది గానీ కళ్లు చికిలించి చూస్తోంది, ఏళ్ల తరబడి నూలుపోగులు చూసిన కళ్లు.

"నువ్వేనా అక్కా, ఆదెమ్మ కథ సెప్పేది?"

"నేనే తల్లీ. లోపలికి రా. ఉగ్గాని తిందువు."

"తినేకి రాలేదక్కా. నాది ఎమ్మిగనూరు. పేరు గంగమ్మ. ఒక మాట అడిగి పోతా. ఆదోన్ల సెప్పినప్పుడు దాసు మూడోనాడు వచ్చినాడు అంటివి. మా ఈదిలో సెప్పినప్పుడు రాలేదు అంటివి. ఏది నిజం? వచ్చినాడా, రాలేదా?"

నా పాత జబ్బు ఊరుకోలేదు. "దాసుల రాకపోకలు ఎవరికి తెలుస్తాయి తల్లీ" అని నవ్వాను.

"నవ్వబాకక్కా" అంది గంగమ్మ. "పన్నెండేండ్లాయ నేను వాకిలి మూసుకోక."

అప్పుడు కూర్చుంది. కూర్చుని చెప్పింది. ఆమె పుట్టిల్లు ఆదోనే. పెళ్లికి ముందు మార్కెట్లో నా కథ వింది. అందులో దాసు తిరిగి వచ్చాడు. ఎమ్మిగనూరులో వీరేశు అనే మగ్గం నేసే ఆయనకు ఇచ్చారు. మనిషి మంచివాడే గానీ, మధ్యాహ్నం అయ్యేసరికి నలుగురు స్నేహితులను వెంటేసుకుని వచ్చి బువ్వ పెట్టమనేవాడు. పగలంతా తనూ మగ్గం మీద కూర్చునే మనిషి, ఎంతకని వండుతుంది? చెప్పింది, అరిచింది, వినలేదు.

"ఒకనాడు నీ కథ గుర్తొచ్చిందక్కా. ఆదెమ్మ చేసినట్ల చేస్తే బుద్ధొస్తాది అనుకుంటి. వాకిలి మూసి, బువ్వ పెట్టను పో అంటి. ఆయప్ప అందరి ముందర ఒక్క మాట అనకుండా పోయినాడు. మూడోనాడు వస్తాడనుకుంటి. నువ్వు మూడోనాడే గదా సెప్తివి. జొన్నలు తెస్తాడో లేదో గానీ వస్తాడు అనుకుంటి."

వీరేశు రాలేదు. గుంటూరు వైపు పనికి పోయాడని ఒకరు, బొంబాయిలో చూశామని ఒకరు అన్నారు. ఏడాది తర్వాత నేను వాళ్ల వీధికి పోయి, కథ నడుమ, తలుపు పిట్టకథ చెప్పాను. దాసు రాలేదనీ, ఆదెమ్మ బతికున్నంతకాలం తలుపు మూయలేదనీ చెప్పాను.

"నాకు తెలిసిన కథ మారిపాయనే అనుకుంటి. ఆ పొద్దు ఇంటికొచ్చి వాకిలి తెరిచి, ఇటికరాయి అడ్డం పెడితి. ఇంతవరకు మూయలేదు. వానొస్తాది, కుక్కలొస్తాయి. పండుకునేటప్పుడు మా యత్త మంచం వాకిలికి అడ్డం ఏసుకునేది. పోయిన ఏడు ఆయమ్మ కూడా పోయె. ఇప్పుడు నాకు పోగు కనపల్లేదక్కా, మగ్గం ఎక్కలేను. ఆలూర్ల మా చెల్లెలు వచ్చేయమంటాంది. పోవాలంటే ఇంటికి బీగం ఎయ్యాల. ఎయ్యొచ్చునా? అది సెప్పు."

నాకు సిగ్గేసింది. ఆ మాట ఇంకోలా చెప్పలేను. ఒక ముగింపు విని తలుపు మూసింది, ఇంకో ముగింపు విని తెరిచింది, రెండూ నావే. నేను మంగళం కుదిరిందా లేదా అని చూసుకుంటుంటే ఒక మనిషి తన కాపురాన్ని దానికి ముడి వేసుకుంది.

"వారం ఆగు తల్లీ. నేనే వస్తా" అన్నాను.

మగ్గాల వీధిలో

ఆ వారంలో ప్రొఫెసరు పుస్తకం మళ్లీ చదివాను. ఖాసింసాబ్ ఇంటికి పోయి మళ్లీ అడిగాను. ఈసారి ఆయన, "ఆదెమ్మ ఎవరక్కా?" అన్నాడు. ఆయనకు మతిమరుపు మొదలైందని ఇంట్లోవాళ్లు అప్పుడు చెప్పారు. ఇక అడగడానికి మనిషి లేడు. ఎనిమిదో రోజు పొద్దున ఎమ్మిగనూరు బస్సెక్కాను. నిజం చెప్పేద్దామనుకున్నాను. నిజం అంటే ఏమిటో తెలియదు గానీ, కనీసం నాకు తెలియదన్న నిజం.

గంగమ్మ ఇంటి తలుపు ఆమె చెప్పినట్టే ఉంది. ఇటుకరాయి పాతుకుపోయింది. కింది చెక్క వానకు నాని ఉబ్బింది. లోపల మగ్గం గుంత మీద పలక పరిచి, దాని మీద బట్టల మూటలు పెట్టి ఉన్నాయి. పోవడానికి సర్దుకున్నట్టుంది.

"గంగమ్మా, ఆ కథ నేను కట్టింది. కట్టిందే అనుకుంటున్నా. నరసప్పదాసుకు పెళ్లాం ఉందని యాడా లేదు. నన్ను క్షమించు" అన్నాను.

ఆమె కోప్పడుతుందనుకున్నాను. ఏడుస్తుందనుకున్నాను. ఆమె నీళ్ల చెంబు నా ముందు పెట్టి, ఎదురుగా కూర్చుంది.

"నువ్వు కట్టినావో ఇన్నావో నాకెందుకక్కా? కట్టేటప్పుడు నీకు తెలిసుంటాది గదా, వస్తాడా రాడా."

"తెలీదు తల్లీ. చివర్లో చెప్తే రావాల. నడుమ చెప్తే రాకపోయినా సరిపోతాది. మా పనిలో అది పద్ధతి."

గంగమ్మ చెంబు పక్కకు జరిపింది. పక్కింట్లో ఎవరో మగ్గం ఆడిస్తున్నారు, ఆ చప్పుడు వస్తోంది.

"అట్లయితే నాది నడుమనా, చివరనా?" అంది.

ముప్పై ఏళ్లకు పైగా వేల మంది ముందు నిలబడ్డాను. తడుముకోకుండా జవాబు చెబుతానని నాకు పేరు. ఆ ఒక్క మాటకు తల వంచుకున్నాను.

ఆమెకే జాలి వేసినట్టుంది. "పోనీలే. ఇంకొకటి సెప్పు. వాకిలి తెరిచి పెట్టుకోని అన్నేండ్లు ఆయమ్మ పొద్దంతా ఏం చేసింది? అది నువ్వు ఎప్పుడూ సెప్పలేదు. ఆయప్ప యాడ తిరిగినాడో, ఏం పాడినాడో సెప్తివి. ఆయమ్మ సంగతి వాకిలి కాడ ఇడ్సిపెడితివి."

నిజమే. దాసుకు నేనే భార్యను పుట్టించి, తలుపు దగ్గర నిలబెట్టి, ఇన్నేళ్లు ఆమె వైపు చూడలేదు. దాసు కీర్తనకు ఒక కారణం కావాలి కాబట్టి ఆమె కావాలి. ఆ పని అయిపోయాక ఆమె ఏమైపోయిందో కథ కట్టినదానికే తెలియదు. ఈ పనిలోకి వచ్చేవాళ్లు ఈ ఒక్క తప్పు చూసుకోండి.

అక్కడే కూర్చుని చెప్పాను. గజ్జెలు లేవు, చిడతలు లేవు, వెనక మృదంగం లేదు. ఆదెమ్మ పొద్దున్నే లేచి రెండు రొట్టెలు చేసి ఒకటి మూతపెట్టేది, కొన్నాళ్లకు ఒకటే చేయడం మొదలుపెట్టింది అని చెప్పాను. వాకిట్లోకి వచ్చిన కుక్కకు పేరు పెట్టింది అన్నాను. కూలికి పోయింది, కలుపు తీసింది, పత్తి తీసింది. దారిన పోయేవాళ్లను మొదట్లో దాసు గురించి అడిగేది, తర్వాత వానల గురించి అడిగేది. ఒకనాడు ఆమె చెల్లెలు రమ్మని కబురు పంపింది. ఆదెమ్మ వాకిలి మూసి, బీగం వేసి, తాళంచెవి పక్కింటామె చేతిలో పెట్టి, "ఆయప్ప వస్తే ఇయ్యి. రాకపోతే నీ దగ్గరే పెట్టుకో" అని పోయింది.

గంగమ్మ కళ్లు తుడుచుకోలేదు, అవి కారుతూనే ఉన్నాయి. "కుక్కకు ఏం పేరు పెట్టింది?" అని అడిగింది.

"నువ్వే చెప్పు."

"రాజుగాడు" అంది. గుమ్మంలో పడుకున్న తెల్లకుక్క తల ఎత్తి చూసింది.

తర్వాత, "మంగళం పాడవా అక్కా?" అంది.

అక్కడ మళ్లీ చిక్కుపడ్డాను. పాడితే ఇది చివర అవుతుంది. చివర అయితే ఆయన రావాలి, నేను రప్పించలేదు. పాడకపోతే ఇది నడుమ, అంటే ముందు ఇంకా ఏదో ఉందని ఆశ పెట్టినట్టు. ఏది పాపమో, ఏది పుణ్యమో తెలియలేదు. పాడలేదు. గురువుగారు ఉంటే ఏమనేవారో కూడా తెలియలేదు.

గంగమ్మ లేచి సంచి, మూటలు బయట పెట్టి, ఇటుకరాయి తీసింది. తలుపు కదల్లేదు. పన్నెండేళ్లు కదలని బందులు. ఇద్దరం బయట నిలబడి గొళ్లెం పట్టుకుని లాగాం. నా మోకాళ్లు కలుక్కుమన్నాయి, ఆమె చీర కొంగు చెక్కలో ఇరుక్కుని చిరిగింది. మూడోసారికి కిర్రుమని మూసుకుంది. ఆమె బయటి నుంచి బీగం వేసి, రెండుసార్లు లాగి చూసి, తాళంచెవి నా చేతిలో పెట్టింది.

"నాకెందుకే?" అన్నాను.

"కథలో పక్కింటామెకు ఇచ్చె గదా. నా పక్కింటోళ్లు మగ్గం ఎత్తేసి పోతాండారు, రేపో మాపో. నువ్వే పెట్టుకో." సుద్దముక్క తీసి తలుపు మీద నా పేరు, ఆదోనిలో మా వీధి పేరు రాసింది. సంచి, మూటలు ఎత్తుకుని, కుక్కను వెంటబెట్టుకుని ఆటో ఎక్కింది.

ఇప్పుడు

గంగమ్మ ఆలూరులో బాగానే ఉందని చెల్లెలు ఫోనులో చెప్పింది. పగలంతా పిల్లలతో గడుపుతుందట, బాగా నిద్రపోతుందట. వీరేశు సంగతి అడగడం మానేసిందట. అది మంచికో చెడుకో నాకు అర్థం కాలేదు. ఆమె కథను నేను మూయించానా, లేక ఆమే మూసుకుందా అన్నది కూడా తేలడం లేదు. నా దగ్గరికి వచ్చేటప్పటికే మూటలు కట్టి పెట్టుకుందేమో అని ఒక్కోసారి అనిపిస్తుంది.

తాళంచెవి మా వంటింట్లో, ఉప్పు డబ్బా పక్కన మేకుకు తగిలించాను. ఆ రోజునుంచి పొద్దున లేస్తే మా వీధి తలుపు తీసి పెడుతున్నాను. మధ్యాహ్నం కునుకు తీసేటప్పుడు కూడా మూయడం లేదు. దుమ్ము వస్తోంది. మొన్న ఖాసింసాబ్‌ను ఆయన కొడుకు తీసుకొచ్చి కూర్చోబెడితే, "ఏమక్కా, వాకిలి అట్ల తెరిచి పెట్టినావు, ఎవరన్నా వచ్చేదుండాదా?" అని అడిగాడు.

ఉంది. సుద్దరాత చెరిగిపోకముందు వీరేశు ఎమ్మిగనూరు వస్తే, అది చూసుకుని నేరుగా ఇక్కడికే వస్తాడు. వచ్చి ఈ గుమ్మంలో నిలబడి, గంగమ్మ యాడికి పోయింది, ఎందుకు పోయింది అని నన్నే అడుగుతాడు. ఆ మనిషికి ఏం చెప్పాలో నేనింకా కట్టుకోలేదు.